బిడ్డ మనసు కూడా బడికి వెళుతుంది

(రావికమతంలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో చదువు ప్రస్తావన వచ్చిందంటే ఉపకార వేతనాలు, రిజర్వేషన్లు, హాస్టల్ సీట్లు, ఉర్దూ ఉపాధ్యాయుల ఖాళీలు చర్చకు వస్తాయి. అవన్నీ న్యాయమైన కోరికలే. వాటికోసం జరిగే ప్రయత్నం ఆగకూడదు. అయితే ఈ సాయంత్రం మేము మరొక విషయం మీ ముందుంచాలని వచ్చాము. అది బడిలో బిడ్డ మనసు గురించిన విషయం. కోపాన్ని అదుపు చేసుకోవడం, భయాన్ని మాటలలో చెప్పగలగడం, ఎదుటివారి బాధను గుర్తించడం, స్నేహం చేయడం, తగవు తీర్చుకోవడం, అవమానం ఎదురైనప్పుడు కుంగిపోకుండా, ఎదురు దెబ్బ కొట్టకుండా నిలబడగలగడం. వీటిని సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు అంటున్నారు. వీటిని బడి నేర్పాలి. అయితే కుటుంబం తోడు లేకుండా బడి ఒక్కటే నేర్పలేదు. మేము చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా దీనికి వివరణ.

ఈ మాట రావికమతంలో చెప్పడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. కర్నూలులోనో, కడపలోనో, గుంటూరులోనో ముస్లిం బిడ్డ తరగతి గదిలోకి అడుగుపెడితే తనవంటి పేర్లు నాలుగైనా వినబడతాయి. మన ప్రాంతం సంగతి వేరు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ముస్లింలు నూటికి దాదాపు ఇద్దరే. 2022లో మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాము. జిల్లా పేరు మారింది గాని మన సంఖ్య మారలేదు. రావికమతం, కొత్తకోట, రోలుగుంట, మాడుగుల పరిసర గ్రామాలలో నలభై మంది ఉన్న తరగతిలో ముస్లిం బిడ్డ చాలా తరచుగా ఒక్కరే. ఆ ఒక్కరు ఉదయం బడికి వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చేలోగా మనసులో ఏమి మోసుకు తిరుగుతున్నారో మనం ఎన్నడైనా అడిగామా?

ఈ చుట్టుపక్కల ఒక గ్రామంలో ఒక తల్లి మాతో చెప్పిన సంగతి ఇది. ఆమె కుమారుడు నాలుగవ తరగతి. చురుకైన పిల్లవాడు. కొన్నాళ్లుగా ఉదయం కడుపునొప్పి అంటున్నాడు. వైద్యుడు చూసి ఏ జబ్బూ లేదన్నారు. చివరకు ఒక రాత్రి ఆ బిడ్డ తల్లిని అడిగాడు: "అమ్మీ, బడిలో నా పేరు మార్చమని చెప్పవా?" విచారిస్తే తేలింది, హాజరు పిలిచినప్పుడు అతని పేరు తప్పుగా పలకడం, తరగతి నవ్వడం రోజూ జరుగుతున్నది. రంజాన్‌లో ఒకరోజు పట్టుబట్టి ఉపవాసం ఉంటే మధ్యాహ్న భోజనం వేళ పక్కనున్నవారు ఏవేవో అడిగారు. అతనికి సమాధానం తెలియలేదు. కోపం వచ్చి ఒకరిని నెట్టాడు. శిక్ష అతనికే పడింది. విషయం తెలిసిన తండ్రి, బిడ్డను ఆ బడి మాన్పించి దూరాన ఉన్న ఏదైనా హాస్టల్లో వేద్దామన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల బిడ్డను ఎలా దూరం చేసుకోను అని ఏడ్చింది. ఇద్దరూ మమ్మల్ని సలహా అడిగారు.

మేము వారిని ఒకటే అడిగాము: మీరు ఆ బడికి ఎన్నిసార్లు వెళ్లారు? తండ్రి లెక్కపెట్టి చెప్పాడు. చేర్పించడానికి ఒకసారి, మార్కుల కార్డుపై సంతకానికి ఒకసారి. తల్లి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

సోదరులారా, మేము ఆ తండ్రిని తప్పుపట్టడం లేదు. ఆటో నడిపే మనిషి ఒక పూట బండి ఆపితే ఆ పూట తిండి ఆగుతుంది. అయితే బడి అనేది బిడ్డను అప్పగించి వచ్చే చోటు అని మనం అనుకున్నంతకాలం, ఆ బిడ్డ అక్కడ ఒంటరిగానే ఉంటాడు. ఆ ఒంటరితనం నుండి పారిపోవడమా, ఆ బడిలోకి మనమూ వెళ్లడమా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఈ నైపుణ్యాలు పాశ్చాత్య దేశాల నుండి దిగుమతి అయిన కొత్త ఫ్యాషన్ అని కొందరు పెద్దలు శంకిస్తారు. పేరు కొత్తది కావచ్చు, విషయం మనకు కొత్తది కాదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే బాలుడు ఒక చిన్న పక్షిని పెంచుకున్నాడు. అది చనిపోయింది. బాలుడు దిగులుగా కూర్చున్నాడు. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆ దిగులును గమనించి, ఆ పక్షి సంగతి అడిగి, ఆప్యాయంగా పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ సంఘటన మనందరికీ తెలుసు. అయితే దీనిలోని బోధ ఎంతమందిమి గ్రహించాము? రాజ్య వ్యవహారాలు చూసే మహనీయులకు ఒక పిల్లవాడి పక్షి చావు చిన్న విషయంగా తోచలేదు. మగపిల్లవాడివి, ఏడవకు అని వారు అనలేదు. ఆ బిడ్డ బాధకు పేరు పెట్టారు, దానికి చోటిచ్చారు.

బలవంతుడంటే కుస్తీలో ఎదుటివాణ్ణి పడగొట్టేవాడు కాడనీ, కోపం వచ్చినప్పుడు తనను తాను నిగ్రహించుకొనేవాడనీ ప్రవక్త (స) బోధించారు. కోపం వస్తే నిలబడినవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని, వుజూ చేయాలని నేర్పారు. అది కేవలం ఉపదేశం కాదు, ఆచరణ పద్ధతి. పదేళ్లు సేవ చేసిన అనస్ (రజి) ఆ పదేళ్లలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని సాక్ష్యం చెప్పారు. దివ్య ఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ సూరాలో ఒక తండ్రి కుమారునికి చెప్పే హితవులలో నమాజు, సహనంతో పాటు, మనుషుల నుండి గర్వంతో ముఖం తిప్పుకోకపోవడం, నడకలో అణకువ, గొంతు తగ్గించి మాట్లాడడం కూడా ఉన్నాయి. విశ్వాసంతో బాటు ముఖకవళికనూ, కంఠస్వరాన్నీ బిడ్డకు నేర్పిన తండ్రి ఆయన.

నేటి విద్యావేత్తలు చెబుతున్నదీ దీనికి దూరం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 దశకంలో పాఠశాలలకోసం పది జీవన నైపుణ్యాలను పేర్కొన్నది. వాటిలో తనను తాను తెలుసుకోవడం, సహానుభూతి, భావోద్వేగాలను తట్టుకోవడం, ఒత్తిడిని ఎదుర్కోవడం ఉన్నాయి. మన దేశంలో 2020 జాతీయ విద్యా విధానం కూడా సామాజిక, భావోద్వేగ అభ్యసనాన్ని చదువులో భాగంగా గుర్తించింది.

"ఇవన్నీ నేర్పితే మార్కులు వస్తాయా?" అని ఒక తండ్రి అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 2011లో అమెరికా పరిశోధకులు 213 కార్యక్రమాల ఫలితాలను, 2,70,034 మంది విద్యార్థుల వివరాలను కలిపి పరిశీలించారు. ఈ నైపుణ్యాలు నేర్పిన బడులలో పిల్లల ప్రవర్తన మెరుగుపడటమే గాక, చదువులోనూ వారు సగటున 11 పర్సంటైల్ పాయింట్లు ముందుకు వెళ్లారు. భయంతో బిగుసుకున్న మనసులోకి లెక్కలు దిగవు. కడుపునొప్పి పేరుతో బడి మానుకునే బిడ్డకు ఎక్కాలు ఎక్కడి నుండి వస్తాయి?

ఇక్కడ అమెరికాలోని ఒక అల్పసంఖ్యాక సమాజం అనుభవాన్ని మీతో పంచుకోవాలి. జేమ్స్ కోమర్ అనే నల్లజాతి వైద్యుని తండ్రి ఉక్కు కర్మాగారంలో కూలీ. తల్లి మ్యాగీ ఇతరుల ఇళ్లలో పని చేసిన మనిషి, బడి చదువు దాదాపు లేదు. కాని ఆమె పిల్లల బడికి వెళ్లేది, ఉపాధ్యాయులతో మాట్లాడేది, ఇంట్లో భోజనం దగ్గర ప్రతి బిడ్డ మాటా వినేది. ఆమె పిల్లలందరూ కలిసి 13 కళాశాల పట్టాలు పొందారు. కోమర్‌తో పాటు అదే వీధి నుండి అదే బడికి వెళ్లిన ముగ్గురు మిత్రులు తెలివిలో అతనికి తీసిపోరు. కాని ఒకరు తాగుడుతో చిన్న వయసులోనే చనిపోయారు, ఒకరు జీవితంలో చాలాకాలం జైలులో గడిపారు, మరొకరు మానసిక చికిత్సాలయాల చుట్టూ తిరిగారు. మా మధ్య తేడా తెలివిలో లేదు, ఇల్లూ బడీ మధ్య ఉన్న వంతెనలో ఉందని కోమర్ గ్రహించారు.

ఆయన పిల్లల మానసిక వైద్యులై, 1968లో యేల్ విశ్వవిద్యాలయం తరఫున న్యూ హేవెన్ నగరంలో రెండు బడులలో పని ప్రారంభించారు. పిల్లలు దాదాపు అందరూ నల్లజాతివారు, నిరుపేదలు. నగరంలోని 33 ప్రాథమిక పాఠశాలలలో ఆ రెండూ చదువులో అట్టడుగున ఉండేవి. ఉపాధ్యాయులు తల్లిదండ్రులను నిందించేవారు, తల్లిదండ్రులు ఉపాధ్యాయులను నమ్మేవారు కారు. పల్లె నుండి కొత్తగా వచ్చిన ఒక ఎనిమిదేళ్ల బాలుణ్ణి పిన్ని పనికి వెళుతూ బడిలో దిగవిడిచి వెళ్లింది. అప్పటికే విసిగి ఉన్న ఉపాధ్యాయురాలి ముఖం చూసి ఆ బిడ్డ హడలిపోయి, ఆమె కాలిపై తన్ని బయటికి పరుగెత్తాడు. మామూలుగా అయితే అక్కడ శిక్షతో కథ ముగిసేది. కోమర్ బృందం మాత్రం ఆ బిడ్డ భయాన్ని చదివింది. కొత్తగా వచ్చే పిల్లలను స్వాగతించి, పరిచయం చేసే పద్ధతి ఆ తర్వాత ఆ బడిలో ఏర్పడింది. బిడ్డకు నమ్మకం కుదరడానికి సమయం పడుతుందని తెలుసుకొని, ఒకే ఉపాధ్యాయురాలి వద్ద రెండేళ్లు ఉంచే ఏర్పాటు చేశారు.

వారు పెట్టుకున్న నియమాలు మూడు. ఎవరినీ నిందించకుండా సమస్యను పరిష్కరించడం మొదటిది. ఓట్లతో కాక ఏకాభిప్రాయంతో నిర్ణయించడం రెండవది. కలిసి పనిచేయడం మూడవది. బడిని నడిపే బృందంలో ప్రధానోపాధ్యాయునితో పాటు తల్లిదండ్రులను కూర్చోబెట్టారు. తరువాత సామాజిక నైపుణ్యాల పాఠ్యక్రమం తయారు చేసేటప్పుడు, మీ పిల్లలకు రేపటి జీవితంలో ఏమి అవసరమని ముందు తల్లిదండ్రులనే అడిగారు. వారు చెప్పిన దానినిబట్టి రాజకీయం - ప్రభుత్వం, వ్యాపారం - ఆర్థికం, ఆరోగ్యం - ఆహారం, ఆధ్యాత్మికత - తీరిక సమయం అనే నాలుగు భాగాలు ఏర్పడ్డాయి. నగర మేయరు ఎన్నిక వచ్చినప్పుడు పిల్లలు అభ్యర్థులకు ఉత్తరాలు రాసి బడికి ఆహ్వానించారు, అతిథులను ఎలా గౌరవించాలో, ప్రశ్న ఎలా అడగాలో నేర్చుకున్నారు. 1984 నాటికి ఆ ప్రాజెక్టు బడులు నాలుగవ తరగతి పరీక్షలలో నగరంలో మూడవ, నాలుగవ స్థానాలకు చేరాయి. పేదరికం అలాగే ఉంది, మారింది బడికీ ఇంటికీ మధ్య ఉన్న సంబంధం.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆ తల్లిదండ్రులు బడికి వచ్చింది తమ బిడ్డలను మార్చుకోవడానికి మాత్రమే కాదు, బడిని మార్చడానికి కూడా. అల్పసంఖ్యాకులకు ఈ తేడా ప్రాణప్రదమైనది. అవమానం పొందే బిడ్డకు ఓర్పు మాత్రం నేర్పి, అవమానించే తరగతికి ఏమీ నేర్పకపోతే, అది చదువు కాదు, అణచివేతకు అలవాటు చేయడం.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో జరిగింది మీరందరూ విన్నదే. ఎక్కాలు అప్పగించలేదని ఏడేళ్ల ముస్లిం బిడ్డను, ఉపాధ్యాయురాలి ఆదేశంపై తోటి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెంపదెబ్బలు కొట్టారు. ఆ దృశ్యం చూసి దేశం సిగ్గుపడింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో న్యాయస్థానం ఆరోపణలు నిజమైతే ఇది ప్రభుత్వ అంతరాత్మను కలచివేయాలని వ్యాఖ్యానించింది. అంతటితో ఆగక, దెబ్బలు తిన్న బిడ్డకే గాక, దెబ్బలు కొట్టిన పిల్లలకు కూడా నిపుణులచేత కౌన్సెలింగ్ ఇప్పించాలని ఆదేశించింది.

ఈ రెండవ మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. ఆ పిల్లలు పుట్టుకతో ద్వేషం తెచ్చుకోలేదు. కొట్టమన్న పెద్దల మాట వినడమే మంచితనమని వారికి ఎవరో నేర్పారు. తోటివాడు ఏడుస్తుంటే చేయి ఆపుకోవాలని, పెద్దలు చెప్పినా తప్పు తప్పేనని నేర్పినవారు లేకపోయారు. దెబ్బ తిన్నవాని గాయం కనబడుతుంది. కొట్టిన బిడ్డ లోపల తెగిపోయిన తీగ కనబడదు. ఆ చేయి వెనక్కి తీసుకోగల బిడ్డను తయారు చేయడమే ఈ నైపుణ్యాల అసలు పరీక్ష. అందువలన ఇది ముస్లింల కోరిక మాత్రమే కాదు, ఆ తరగతిలోని నలభై ఇళ్ల అవసరం.

ఇది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బిడ్డను కొట్టడాన్నే గాక, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 29వ సెక్షన్, బిడ్డ భయం, ఆందోళన లేకుండా స్వేచ్ఛగా తన అభిప్రాయం చెప్పగలిగేలా చదువు ఉండాలని, వీలైనంతవరకు మాతృభాషలో సాగాలని చెబుతున్నది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడులలో, ఎయిడెడ్ బడులలో ఏర్పడే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన స్థానం ఉండాలి. 2024 ఆగస్టులో మన రాష్ట్రంలో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. ఈ సభలో ఉన్న వారిలో ఎంతమంది ఆనాడు బడికి వెళ్లారో మేము చేతులెత్తమని అడగము. జవాబు మీకే తెలుసు.

ఆ ఏడాది డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. రంగవల్లులు వేశారు, ఆటలు ఆడించారు, కలిసి భోజనం చేశారు. మంచిదే. అయితే ఏడాదికి ఒక పండుగతో బంధుత్వం నిలబడదు. మిగిలిన రోజులలో ఎవరు ఎవరి గడప తొక్కారన్నదే లెక్క.

ఢిల్లీ ప్రభుత్వం 2018 జూలైలో తన బడులలో ఆనంద పాఠ్యక్రమం ప్రారంభించింది. మన రాష్ట్రంలోనూ ఆనంద వేదిక పేరుతో అటువంటి ప్రయత్నం జరిగింది. 2024 నవంబరులో ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థులకు నైతిక విలువలపై సలహాదారుగా నియమించింది. పెద్దలపట్ల గౌరవం, సత్యం, దయ ఏ మతం వారికైనా అవసరమే. వాటిని బోధించేవారిని మేము గౌరవిస్తాము. అయితే రెండు మాటలు వినయంగా చెప్పాలి. మొదటిది, పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ ఉండరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. కనుక విలువల పాఠం ఏదైనా ఒక్క సంప్రదాయపు కథలకే పరిమితం కాకూడదు. తరగతిలోని ఒంటరి బిడ్డ కూడా ఆ పాఠంలో తన ఇంటిని చూసుకోగలగాలి. రెండవది, విలువలు వినడం వేరు, నైపుణ్యం సాధన చేయడం వేరు. ఈత గురించి ఎంత ఉపన్యాసం విన్నా కల్యాణపులోవ నీటిలో దిగితే గాని ఈత రాదు. తోటివాని పేరు సరిగా పలకడం, తప్పు చేస్తే క్షమాపణ అడగడం, కోపంలో పది అడుగులు వెనక్కి వేయడం రోజూ తరగతిలో, ఇంట్లో సాధన చేయవలసినవి.

ఇప్పుడు మన ఇళ్ల వైపు చూద్దాం. ఇతరులను అడిగే ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవడం న్యాయం. మన ఇళ్లలో బిడ్డను మొదట అడిగేది ఎన్ని మార్కులని. భయపెట్టి తిండి తినిపిస్తాము, భయపెట్టి నిద్రపుచ్చుతాము. సాయంత్రం ఖుర్ఆన్ చదువు నేర్పే చోట కొందరు ఉస్తాదుల చేతిలో ఇప్పటికీ బెత్తం ఉంటుంది. మనమే "మాంసం మీది, ఎముకలు మావి" అని అప్పగించి వస్తాము. తన పిల్లలను ఎన్నడూ ముద్దాడలేదని చెప్పుకున్న ఒక అరబ్బు పెద్దను, దయ చూపనివానికి దయ లభించదని ప్రవక్త (స) మందలించిన సంగతి మన మస్జిదులలో ఎన్నిసార్లు చెప్పుకోలేదు? బడిలో బెత్తం తప్పయితే మక్తబ్‌లోనూ తప్పే. 2012 సవరణ మదర్సాలను విద్యాహక్కు చట్టం పరిధి నుండి మినహాయించింది. 2014 మే 6న సుప్రీంకోర్టు, అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఇది 30వ అధికరణం మనకిచ్చిన స్వయంప్రతిపత్తికి రక్షణ. అయితే స్వయంప్రతిపత్తి అంటే తల్లిదండ్రులను గడప బయట నిలబెట్టే స్వేచ్ఛ కాదు. చట్టం అడగకపోయినా మన సంస్థలు తల్లిదండ్రుల కమిటీ పెట్టాలి, బెత్తాన్ని పక్కన పెట్టాలి. లేకపోతే ఇతర బడులను అడిగే నైతిక బలం మనకు ఎక్కడిది?

కొందరు సోదరులు, ఈ తంటా అంతా ఎందుకు, మన పిల్లలను మన బడులలోనే చదివిద్దాం అంటారు. మన సంస్థలు ఉండాలి, పెరగాలి. కాని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది గుర్తుంచుకోండి. బడి వయసు ముస్లిం పిల్లలలో మదర్సాలకు వెళ్లేది నూటికి ముగ్గురే. ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలలో నాలుగో వంతు అసలు బడికే వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో. అంటే చదువుకునే మన బిడ్డలలో అత్యధికులు అందరి బడులలోనే ఉన్నారు. మనం కొద్దిమందిమే ఉన్న ఈ మండలాలలో ప్రతి ఊరికీ మన బడి సాధ్యమూ కాదు. ఇరుగుపొరుగు బిడ్డలతో కలిసి పెరగడం మన బిడ్డకు నష్టమూ కాదు. రేపు అతడు బేరం చేయవలసింది, ఉద్యోగం చేయవలసింది, కష్టంలో చేయి పట్టుకోవలసింది వారితోనే.

ఇక ఏమి చేయాలి? మేము పెద్ద పథకాలు తేలేదు. చేయగలిగినవే చెబుతాము.

ఇంట్లో రోజుకు పది నిమిషాలు. మగ్రిబ్ తరువాత టీవీ, ఫోను పక్కన పెట్టి బిడ్డను అడగండి: ఈ రోజు నీకు సంతోషం కలిగించింది ఏమిటి, బాధ కలిగించింది ఏమిటి? వెంటనే సలహా ఇవ్వకండి, వినండి. గుస్సా అన్నా, కోపం అన్నా, డర్ అన్నా, భయం అన్నా, ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పనివ్వండి. తనలోని బాధకు పేరు పెట్టగల బిడ్డ దానికి బానిస కాడు. కోపం వస్తే కూర్చోవడం, వుజూ చేయడం అనే సున్నత్‌ను ముందు తండ్రి ఆచరించి చూపాలి. తప్పు మనదైతే బిడ్డను క్షమాపణ అడగాలి. బడిలో అవమానం జరిగిందని బిడ్డ చెబితే, "వాళ్లంతా అంతే" అని ఒక జాతి మొత్తాన్ని దూషించవద్దు. అది బిడ్డ చేతిలో మరొక బెత్తం పెట్టడమే.

బడిలో మొదటి మెట్టు పరిచయం. ఏడాది మొదట్లో తల్లి, తండ్రి కలిసి తరగతి ఉపాధ్యాయుని కలవండి. బిడ్డ పేరు ఎలా పలకాలో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, రంజాన్‌లో ఎలా ఉంటుందో చెప్పండి. చాలామంది ఉపాధ్యాయులు తెలియక తప్పు చేస్తారు, తెలిస్తే సరిదిద్దుకుంటారు. రెండవ మెట్టు కమిటీ. ఎన్నిక వచ్చినప్పుడు నిలబడండి, ముఖ్యంగా తల్లులు నిలబడండి. ప్రతి సమావేశంలో గదులు, మరుగుదొడ్లతో బాటు ఒక అంశం అడగండి: ఈ నెలలో ఏ బిడ్డ అయినా భయపడిందా, ఎగతాళికి గురైందా, బడి మానిందా? ఆ బిడ్డ మనదే కానక్కరలేదు. దళిత బిడ్డ, గిరిజన బిడ్డ, నత్తి ఉన్న బిడ్డ, తండ్రి లేని బిడ్డ ఎవరైనా సరే. మనం ఇతర బిడ్డల కోసం అడిగిన రోజున మన బిడ్డ కోసం అడిగేవారు పుడతారు. మూడవ మెట్టు మన పనితనాన్ని తరగతిలోకి తీసుకువెళ్లడం. కుట్టుపని చేసే తల్లి ఒక గంట పిల్లలకు బొత్తాం కుట్టడం నేర్పవచ్చు. మెకానిక్ తండ్రి సైకిల్ చైను బిగించి చూపవచ్చు. ఆ గంట తరువాత ఆ బిడ్డ పేరుకు నవ్వే తరగతి ఉండదు.

గొడవ జరిగినప్పుడు న్యూ హేవెన్‌లో పెట్టుకున్న మొదటి నియమం గుర్తుంచుకోండి. ముందు నింద వద్దు. ఇద్దరు పిల్లల మాటా వినమని అడగండి. అలా అడిగినా అవమానం ఆగకపోతే, అది పద్ధతిగా జరుగుతున్నదని తెలిస్తే, అప్పుడు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి, 17వ సెక్షన్ పేరు రాయండి. సామరస్యం కోరడం వేరు, అన్యాయాన్ని మింగడం వేరు.

నాలుగవ తరగతి బిడ్డ సంగతి సగంలో వదిలాము. తల్లి ఆ మరుసటి వారం బుర్ఖా సర్దుకొని, భయపడుతూ బడికి వెళ్లింది. ఉపాధ్యాయుడు చెడ్డవాడు కాడు. పేరు తప్పు పలుకుతున్నానని తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. ఆమెచేత రెండుసార్లు పలికించుకొని నేర్చుకున్నాడు. మరునాడు హాజరులో సరిగా పిలిచాడు. ఆ బిడ్డ నెట్టిన పిల్లవాణ్ణి కలిసి, క్షమించమని అడిగాడు. అన్ని సమస్యలూ తీరిపోయాయని మేము చెప్పము. ఎగతాళి చేసేవారు ఇంకా ఒకరిద్దరున్నారు. కాని ఉదయం కడుపునొప్పి తగ్గింది. దూరపు హాస్టల్ మాట ఇంట్లో ఇప్పుడు లేదు. వచ్చే కమిటీ ఎన్నికలో తాను నిలబడతానని ఆ తల్లి అన్నది.

మాకు రాయడం రాదు, మాట్లాడటం రాదు అని ఇక్కడి అక్కచెల్లెళ్లు అనవచ్చు. మ్యాగీ కోమర్‌కు కూడా బడి చదువు దాదాపు లేదు. బిడ్డ మాట వినడానికి అక్షరాలు అక్కర లేదు, బడి గడప దాటడానికి పట్టా అక్కర లేదు. మన బిడ్డ ప్రతి ఉదయం పుస్తకాల సంచితో బాటు తన మనసునూ ఆ బడికి తీసుకువెళుతున్నాడు. దానికి తోడుగా మనమూ వెళదాం.

అల్లాహ్ మన బిడ్డల హృదయాలకు ధైర్యాన్ని, మన నాలుకలకు మృదుత్వాన్ని, మన ఇరుగుపొరుగులతో మనకు సామరస్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.